ఆత్మలతో మాట్లాడే ఆమె, నమ్మని లెక్చరర్: ‘ఆఫ్టర్‌లైఫ్’ సీరియల్ చుట్టూ ఉన్న చిక్కుముడి

ఆలిసన్ మండీ ఎదుటి మనిషితో మాట్లాడుతూ మాట్లాడుతూ చూపు కాస్త పక్కకు తిప్పుతుంది. అక్కడ ఖాళీ. ఎదుటి మనిషి కూడా తనకు తెలియకుండానే అటు చూస్తాడు. ఏమీ కనపడక మళ్లీ ఆమె ముఖంలోకి చూస్తాడు. ‘ఆఫ్టర్‌లైఫ్’లో అసలు భయమంతా ఆ రెండు మూడు సెకన్లలోనే ఉంది.

బ్రిటన్‌లోని ఐటీవీ చానెల్లో 2005లో ఒక సిరీస్, 2006లో మరొకటి, మొత్తం 14 ఎపిసోడ్లుగా వచ్చిన డ్రామా ఇది. కథ బ్రిస్టల్ నగరంలో జరుగుతుంది. చనిపోయినవాళ్లు ఆలిసన్‌కి కనిపిస్తారు, వినిపిస్తారు. ఆ పాత్ర లెస్లీ షార్ప్ వేసింది. రాబర్ట్ బ్రిడ్జ్ యూనివర్సిటీలో సైకాలజీ చెబుతాడు, ఇలాంటివేవీ నమ్మడు. ఆ పాత్ర ఆండ్రూ లింకన్ వేశాడు. ఆలిసన్ మీద పుస్తకం రాద్దామని రాబర్ట్ ఆమె వెంట తిరుగుతాడు. అతనికి జోష్ అని ఒక కొడుకు ఉండేవాడు, కారు ప్రమాదంలో పోయాడు. ఆ పిల్లవాడు కూడా ఆలిసన్‌కి కనిపిస్తాడు.

చూసినవాళ్లలో చాలామందికి ఒకటే అనుమానం. ఈ సీరియల్ ఆత్మలున్నాయని చెబుతోందా? చెబితే, మరి ఆ సైకాలజీ లెక్చరర్ మాట్లాడేదంతా తప్పేనా? ఇక్కడ రెండు ప్రశ్నలు ముడిపడిపోయాయి. ఒకటి కథ లోపలిది, రెండోది మనం బతికే లోకానిది. విడదీసి చూస్తే కాని వీటి వెనకున్న మూడోది కనపడదు. నా దృష్టిలో ఈ డ్రామా అసలు బలం ఆ మూడోదే.

## మీడియం అంటే ఎవరు, స్కెప్టిక్ అంటే ఎవరు

సైకిక్, మీడియం అనే మాటలను ఒకదానికొకటి వాడేస్తుంటాం. సైకిక్ అంటే మామూలు ఇంద్రియాలకు అందని సంగతులు తెలుస్తాయని చెప్పే మనిషి. రేపు జరగబోయేది కావచ్చు, పక్కవాడి మనసులో ఉన్నది కావచ్చు. మీడియం చెప్పేది ఇంకా నిర్దిష్టమైనది: చనిపోయినవాళ్ల మాటలు తన ద్వారా వస్తాయని. పేరులోనే ఉంది, మధ్యలో ఉండే మనిషి అని. నలుగురూ కూర్చుని ఆత్మలను పిలిచే కూటమిని సేయాన్స్ అంటారు.

స్కెప్టిక్ అనగానే దేన్నీ నమ్మని మొండిమనిషి గుర్తొస్తాడు. అది సరికాదు. ‘ఇది అబద్ధం’ అని ముందే తేల్చేసేవాడు నిరాకరించేవాడు. ‘నిజం కావచ్చు, కానీ దీనికి వేరే మామూలు కారణం లేదని ఎలా తెలుస్తుంది?’ అని అడిగేవాడు స్కెప్టిక్. రాబర్ట్ ఈ రెండింటి మధ్యా ఊగుతుంటాడు. క్లాసులో ప్రశ్న వేస్తాడు. ఆలిసన్ నోట జోష్ పేరు వచ్చేసరికి మాత్రం ప్రశ్న వేయడు, కోప్పడతాడు.

## కథలో ఎవరిది పైచేయి అన్నది కెమెరా తేల్చేస్తుంది

టీవీ డ్రామాలో వాదన మాటలతో నడిచినా తీర్పు కెమెరా చేతిలో ఉంటుంది. ఆలిసన్ చూసేదాన్ని మనకూ చూపించారంటే, ఆ కథాలోకంలో అది ఉన్నట్టే. ఆ తర్వాత రాబర్ట్ ఎంత పకడ్బందీగా మాట్లాడినా మనకు వెనకబడినవాడిలానే కనిపిస్తాడు, ఎందుకంటే మనం చూసింది అతను చూడలేదు. అతని తర్కంలో లోపమేమీ లేదు. అతనికి అందిన సాక్ష్యాన్ని బట్టి అతను చెప్పేది సబబే. మనం ఆలిసన్ కళ్లతో చూస్తూ అతనికి మార్కులు వేస్తున్నాం, అంతే తేడా.

అందుకని, కథలో ఆత్మలున్నాయా అంటే ఉన్నాయి. దాన్నిబట్టి బయట మీడియంల సంగతి ఏమైనా తేలుతుందా అంటే ఏమీ తేలదు. గుర్రం ఎగిరే కథ చదివి గుర్రాల గురించి నిర్ణయానికి రాం కదా.

అయినా ఇక్కడ అంత తేలిగ్గా వదిలేయలేకపోవడానికి కారణముంది. ఈ డ్రామా సృష్టికర్త స్టీఫెన్ వోల్క్ అంతకుముందు ‘ఘోస్ట్‌వాచ్’ రాశాడు. 1992 అక్టోబర్ 31 రాత్రి బీబీసీ 1లో వచ్చింది. ముందే రికార్డు చేసిన కథే. కానీ ఒక ఇంట్లో దయ్యం ఉందో లేదో లైవ్‌లో చూపిస్తున్నట్టు తీశారు. ప్రేక్షకులకు బాగా తెలిసిన వ్యాఖ్యాత మైఖేల్ పార్కిన్సన్ తన సొంత పేరుతోనే కనిపించాడు. చాలామంది నిజమే అనుకున్నారు, బీబీసీకి ఫోన్లు వెల్లువెత్తాయి. ఏ రూపంలో చెబుతున్నాం అన్నదాన్ని బట్టి చూసేవాడి నమ్మకం ఎలా మారుతుందో అనుభవంగా తెలిసిన రచయిత అతను. ‘ఆఫ్టర్‌లైఫ్’లో లైవ్ ముసుగు తీసేశాడు, డ్రామా అని అందరికీ తెలిసేలానే చెప్పాడు.

## ఒక సంభాషణను విప్పి చూస్తే

రాబర్ట్ లాంటి సైకాలజిస్టు నిజంగా ఒక మీడియం ఎదుట కూర్చుంటే మొదట గమనించేది కోల్డ్ రీడింగ్. ముందస్తు సమాచారం ఏమీ లేకుండా, ఎదుటివాళ్ల స్పందననే పట్టుకుని ముందుకుపోయే పద్ధతి ఇది. ముందే ఆరా తీసి, ఆ వివరాలనే ఆత్మ చెప్పినట్టు చెబితే దాన్ని హాట్ రీడింగ్ అంటారు. రెండోది పచ్చి మోసం. మొదటిదాన్ని అర్థం చేసుకోవడమే కాస్త కష్టం. కల్పించిన సంభాషణ ఒకటి చూడండి. ఇంగ్లండ్‌లో ఒక హాలు, ముందు వరసలో తండ్రి పోయిన స్త్రీ కూర్చుని ఉందనుకుందాం.

‘జే అక్షరంతో ఏదో పేరు వినిపిస్తోంది. జాన్... జిమ్... జీన్ కూడా కావచ్చు.’

‘మా నాన్న పేరు జాక్!’

‘అవును, జాక్. ఛాతీ దగ్గర ఏదో బరువుగా అనిపిస్తోంది నాకు.’

‘చివర్లో ఆయనకి ఊపిరి ఆడేది కాదు.’

‘ఆ ఊపిరే. ఆయన వస్తువొకటి మీ దగ్గరుంది. పాతది. ఇప్పుడు పనిచేయడం లేదు.’

‘వాచీ... నా సొరుగులో ఉంది.’

ఇంటికెళ్లాక ఆమె చెల్లెలితో ఏమంటుంది? ‘నాన్న పేరు చెప్పాడే. ఊపిరాడక పోయారని చెప్పాడు. సొరుగులో వాచీ ఉందని కూడా చెప్పాడు.’ ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు గుర్తున్నది అదే. కానీ మళ్లీ ఒకసారి చదవండి. జాక్ అన్నది ఆమె. ఊపిరి అన్నది ఆమె. వాచీ, సొరుగు కూడా ఆమె నోటివెంట వచ్చినవే. మీడియం ఇచ్చినవి మూడు ఖాళీ గిన్నెలు, నింపింది ఆమె.

ఆ గిన్నెలు కూడా ఊరికే ఎంచినవి కావు. పాత తరం ఆంగ్లేయుల్లో జాన్, జేమ్స్, జాక్, జోన్, జీన్, జానెట్ లాంటి పేర్లు కొల్లలు. గుండె జబ్బయినా, న్యుమోనియా అయినా, ఊపిరితిత్తుల క్యాన్సరయినా ఛాతీలోనే. ఇక పోయినవాళ్ల పాత వస్తువు ఒక్కటైనా దాచుకోని ఇల్లు ఎక్కడుంది?

ఇంకో కిటుకు: ‘మీకు అక్క లేదు కదా?’ అని అడగడం. లేదంటే, ‘లేదనే అనిపించింది’ అంటారు. ఉందంటే, ‘అదే, ఉన్నట్టు తెలుస్తూనే ఉంది’ అంటారు. ఒకే వాక్యం రెండువైపులా తెరుచుకుంటుంది.

హాలులో జనం ఎక్కువయ్యేకొద్దీ లెక్క మీడియం వైపే మొగ్గుతుంది. ‘డేవిడ్ అనే పేరు, గుండె జబ్బు’ అన్న మాట ఒక మనిషికి సరిపోయే అవకాశం 50లో 1 అనుకుందాం. ఎదురుగా ఒక్కరే ఉంటే దాదాపు ఖాయంగా తప్పుతుంది. హాల్లో 300 మంది ఉంటే సగటున ఆరుగురికి సరిపోతుంది. ఒక్కరికీ సరిపోకుండా పోయే అవకాశం 400లో 1 కంటే కూడా తక్కువ. చెయ్యెత్తిన ఆ మనిషికి మాత్రం తక్కిన 299 మంది గుర్తుండరు. తన కోసమే వచ్చిన మాటలా అనిపిస్తుంది.

అందరికీ సరిపోయే మాట తనకే సరిపోయిందనుకోవడాన్ని 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు క్లాసులోనే చూపించాడు. 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ‘మీ వ్యక్తిత్వ విశ్లేషణ ఇదీ’ అని తలా ఒక కాగితం ఇచ్చాడు. అయిదుకు ఎన్ని మార్కులు వేస్తారని అడిగితే సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోవి చాలావరకు జ్యోతిషం పుస్తకం నుంచి తీసిన వాక్యాలు.

## అబద్ధం చెప్పకుండానే పొరపడవచ్చు

ఇంతవరకూ చదివి ‘అయితే మీడియంలంతా మోసగాళ్లే’ అనుకుంటే తొందరపడినట్టే. రే హైమన్ అనే అమెరికన్ సైకాలజిస్టు కుర్రతనంలో చేతిరేఖలు చూసి జాతకం చెప్పేవాడు. మొదట సరదాకి మొదలుపెట్టినా, విన్నవాళ్లంతా ఆశ్చర్యపోతుంటే అతనికే నమ్మకం కుదిరింది. ఒక స్నేహితుడు, ‘రేఖ చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకం చెప్పి చూడు’ అన్నాడు. చెప్పాడు. జనం అంతే ఆశ్చర్యపోయారు. హైమన్ ఆ తర్వాత జీవితమంతా ఇలాంటి నమ్మకాలను పరిశీలించడానికే వెచ్చించాడు.

నాకు ఈ సంఘటన ఏ మోసం కథకన్నా ముఖ్యమనిపిస్తుంది. ఎదుటివాళ్ల ముఖం, ఊపిరి, తడబాటు చదవడం మనందరికీ ఎంతో కొంత వచ్చు. అది బాగా వచ్చినవాళ్లు, తమకెలా తెలిసిందో తమకే తెలియనివాళ్లు ఉంటారు. తెలిసిన సంగతి లోపలినుంచి గొంతులా వినిపిస్తే, అది ఎవరిదో ఆత్మదే అనుకోవడంలో కపటం లేదు. ఆలిసన్ పాత్ర అందుకే బరువుగా ఉంటుంది. ఆమె స్టేజీ మీద మెరిసిపోదు. ఈ శక్తి ఆమెకు వరంలా కనపడదు, అలసటగా ఉంటుంది. ఆమె అబద్ధమాడుతోందని రాబర్ట్ అనలేడు. అందుకే ఆమె మనసులో ఏం జరుగుతోందని వెతుకుతాడు.

## నిజంగా పరీక్షించాలంటే

తేల్చుకోవాలంటే మూడు దారులు మూయాలి. వచ్చిన మనిషి ముఖం మీడియంకి కనపడకూడదు. ఆ మనిషి అవునని, కాదని చెప్పే వీలు ఉండకూడదు. ఏ రీడింగ్ ఎవరిదో తెలియకుండా మార్కులు వేయించాలి.

కీరన్ ఓకీఫ్, రిచర్డ్ వైజ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్‌లో ఇలాగే చేశారు. అయిదుగురు మీడియంలు, అయిదుగురు మనుషులు. ఒకరికొకరు కనపడరు, వినపడరు. వచ్చిన రీడింగులన్నీ అందరికీ చూపించి, ఏవి తమకు ఎంత సరిపోయాయో అడిగారు. 2005లో ప్రచురించారు, అంటే డ్రామా మొదలైన ఏడాదే. తమ కోసం చెప్పిన రీడింగులకు ఎక్కువ మార్కులేమీ పడలేదు.

ఇలాంటి ఫలితాన్ని ఎలా చదవాలో ఒక చిన్న లెక్కతో చూద్దాం. అయిదు రీడింగుల్లో తనదేదో ఒక్కొక్కరూ పోల్చుకోవాలనుకోండి. గుడ్డిగా చూపించినా అయిదుగురిలో సగటున ఒకరికి సరిగ్గా తగులుతుంది. ఇద్దరికి తగిలితే? గొప్పగానే వినిపిస్తుంది. కానీ ఇద్దరికి లేదా అంతకంటే ఎక్కువమందికి వట్టి అదృష్టంతోనే తగిలే అవకాశం సుమారు 26 శాతం. అంటే నాలుగుసార్లు చేస్తే ఒకసారి అలా వచ్చేదే. నలుగురికో అయిదుగురికో తగిలితే అది నూటికి ఒకసారి కూడా రానిది, అప్పుడు ఆగి చూడాల్సిందే. ఆగి చూడటమంటే ఒప్పేసుకోవడం కాదు, మళ్లీ చేయడం.

అవతలి పక్షం కూడా ఖాళీ చేతులతో లేదు. అమెరికాలో జూలీ బైషెల్ తన సహచరులతో కలిసి మరిన్ని కట్టుబాట్లతో చేసిన ప్రయోగాల్లో మీడియంలు యాదృచ్ఛికం కంటే మెరుగ్గా చెప్పారని ప్రచురించింది. ఆ ఫలితాలు సంబంధం లేని వేరే ల్యాబుల్లో నిలకడగా రావాలని, అలా రాలేదని విమర్శకులంటారు. బ్రిటన్‌లో స్పిరిచ్యువలిజం, అంటే పోయినవాళ్ల ఆత్మలతో మాట్లాడవచ్చన్న నమ్మకం, కొందరికి మతం. వాళ్లకు చర్చిలున్నాయి, స్పిరిచ్యువలిస్ట్స్ నేషనల్ యూనియన్ అనే సంస్థ ఉంది. వాళ్ల వాదన వేరు: ఆప్యాయత ఉన్నచోట వచ్చే సంభాషణను గోడకు అవతల కూర్చోబెట్టి రమ్మంటే ఎలా వస్తుంది అని. ఈ మాటలో కొంత న్యాయముంది, గది వాతావరణం మనుషులను మారుస్తుంది. చిక్కేమిటంటే, ఆ ఆప్యాయత ఉన్నచోటే కోల్డ్ రీడింగ్ కూడా బాగా పండుతుంది. రెండూ కలిసే ఉన్న గదిలో దేనివల్ల ఏం జరిగిందో తేల్చడం కుదరదు. నా మటుకు నాకు ఇప్పటిదాకా ఉన్న సాక్ష్యం సరిపోదు.

## చట్టం ఏమంటుంది, టీవీ నియమం ఏమంటుంది

బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టం మంత్రగత్తెలను శిక్షించడానికి వచ్చిందనుకుంటారు. నిజానికి అది తిరగేసిన చట్టం. మంత్రశక్తి అనేదే లేదు కనుక, ఉందని నటించేవాళ్లను శిక్షించాలన్నది దాని సారం. 1944లో హెలెన్ డంకన్ అనే మీడియంకి దాని కిందే తొమ్మిది నెలల జైలు పడింది. 1951లో ఆ చట్టం తీసేసి మోసపు మీడియంల చట్టం తెచ్చారు. ఇక మోసగించాలనే ఉద్దేశం ఉందని, డబ్బు తీసుకున్నారని రుజువు చేయాలి. కేవలం వినోదం కోసం చేస్తే నేరం కాదు. ‘ఆఫ్టర్‌లైఫ్’ వచ్చేనాటికి ఉన్నది ఈ చట్టమే. 2008లో దాన్నీ రద్దు చేసి, మామూలు వినియోగదారుల రక్షణ నియమాల కిందికి తెచ్చేశారు.

టీవీకి బ్రిటన్ ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమావళి వేరే ఉంది. అతీంద్రియ శక్తి నిజమన్నట్టు ప్రదర్శిస్తే తగినంత నిష్పాక్షికంగా చూపించాలి. వినోదానికైతే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. అలాంటి ప్రదర్శనల్లో ఎవరికీ జీవితాన్ని మార్చేసే సలహా ఇవ్వకూడదు, అంటే ఆరోగ్యం, డబ్బు, కాపురం లాంటి వాటి మీద. డ్రామాలు, సినిమాలు సాధారణంగా ఈ సలహా నియమం కిందికి రావు. ఆలిసన్ తెరమీద ఎవరికైనా ఏమైనా చెప్పవచ్చు, ఎందుకంటే వినేవాడూ పాత్రే.

## పోయినవాళ్ల కోసం

ఇప్పుడు ఆ మూడో ప్రశ్న. ఆలిసన్‌ది నిజమా కాదా అన్నది పక్కన పెడితే, జోష్ ఇక్కడే ఉన్నాడని చెప్పడం ఆ తండ్రికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా?

సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఒక గొప్ప స్నేహం విరిగింది. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్ కొడుకు కింగ్‌స్లీ 1918లో చనిపోయాడు. ఇంద్రజాలికుడు హారీ హౌడినీ తల్లి 1913లో పోయింది. ఇద్దరూ దుఃఖంలో ఉన్నవాళ్లే. డాయిల్ ఆత్మలను నమ్మాడు. హౌడినీ నమ్మాలని ఆశపడ్డాడు, కానీ కిటుకులు తెలిసినవాడు కనుక నమ్మలేకపోయాడు. 1922లో అట్లాంటిక్ సిటీలో డాయిల్ భార్య కళ్లు మూసుకుని, హౌడినీ తల్లి రాయిస్తోందంటూ పేజీల కొద్దీ ఉత్తరం రాసింది. చక్కటి ఇంగ్లీషు. పైన శిలువ గుర్తు. హౌడినీ తల్లి యూదు మతగురువు భార్య, ఆమెకు ఇంగ్లీషు సరిగా రాదు. సందేశం మీడియం మనసు గుండా వస్తుంది కనుక మీడియం భాషలోనే ఉంటుందని డాయిల్ వివరణ. అది కాదనడానికి వీల్లేని వివరణ, అవుననడానికీ వీల్లేనిది. హౌడినీకి ఆ ఉత్తరంలో అమ్మ లేదు. వాళ్లిద్దరి మధ్యా మాటలు చెడి, చివరికి పత్రికల్లో తిట్టుకునేదాకా వచ్చింది.

రాబర్ట్‌ని ఈ వెలుగులో చూస్తే అతని మొండితనం వేరుగా అర్థమవుతుంది. నమ్మితే కొడుకు తిరిగొచ్చినట్టుంటుంది, అది నిజం కాకపోతే రెండోసారి పోగొట్టుకోవాలి. ఆ రెండోసారిని తట్టుకోలేకే అతను తలుపు మూసుకుని నిలబడతాడు. ఆలిసన్ ఆ తలుపు తడుతూనే ఉంటుంది. రెండో సిరీస్‌లో రాబర్ట్‌కే నయంకాని జబ్బు వస్తుంది. అప్పటికి వాళ్లిద్దరి మధ్య వాదన చాలావరకు ఆగిపోయి ఉంటుంది.

మధ్య వేల్స్‌లో పల్లెల్లో వైద్యం చేసిన డెవీ రీస్ అనే డాక్టరు 1971లో ఒక అధ్యయనం ప్రచురించాడు. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్న 293 మందిని కూర్చోబెట్టి మాట్లాడాడు. వాళ్లలో దాదాపు సగం మంది, పోయిన మనిషి దగ్గరున్నట్టు అనిపించిందనో, కనిపించిందనో, గొంతు వినపడిందనో చెప్పారు. కొందరికి అది ఏళ్ల తరబడి ఉంది. వాళ్లెవరూ మీడియంలు కారు, పిచ్చివాళ్లూ కారు. ఎక్కువమంది అది తమకు ఓదార్పుగా ఉందన్నారు. అదేమిటో తేల్చాలని రీస్ పట్టుబట్టలేదు, దుఃఖంలో ఇది మామూలే అని రాశాడు. వాళ్లలో చాలామంది అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. డాక్టరుకైతే ఒక్కరూ చెప్పలేదు, అతను అడిగేదాకా.